బౌలింగ్ బంతి కొనేముందు చెయ్యి చూసుకోండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సెలవుల్లో పిల్లలు, పెద్దలు ఆడుకోదగ్గ ఆటల గురించి రాస్తూ, బంతి దొర్లించి పది పిన్నుల్ని పడగొట్టే టెన్‌పిన్ బౌలింగ్‌కు ఒక పేజీ కేటాయించారు. మా జిల్లా పాఠకులకు క్రికెట్టూ కబడ్డీ కాకుండా ఇంకో ఆటను పరిచయం చేసినందుకు ముందుగా ధన్యవాదాలు. అయితే ఆ పేజీ కింద బాక్సు కట్టి వేసిన 'బంతి ఎలా ఎంచుకోవాలి' అన్న భాగం చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. మోయగలిగినంత బరువైన బంతి తీసుకోమన్నారు. మెరిసే బంతి మంచిదన్నారు. పేరున్న కంపెనీదైతే చాలన్నారు. ఈ మాటలు పట్టుకుని ఎవరైనా వేలకు వేలు పోసి బంతి కొంటే డబ్బూ పోతుంది, మణికట్టూ పోతుంది. వేళ్ళు పెట్టుకోవడానికి బంతికి రంధ్రాలు ఎలా పడాలన్న విషయం ఆ బాక్సులో ఒక్క ముక్క కూడా లేదు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే.

నేను చిత్తూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాను. మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఆఫీసు జట్టు తరఫున బౌలింగ్ ఆడుతుంది. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా సరుకు పనిమీద నేను ఎటూ బెంగళూరు వెళ్తుంటాను కాబట్టి ఆమెతో పాటు ఆడి ఆట నేర్చుకున్నాను. ఈ వేసవిలో ఆమెకు మూడు బంతుల కొత్త సెట్టు కొన్నాం. ఎంచుకోవడం, రంధ్రాలు వేయించడం, పరీక్షించి చూడటం అన్నీ దగ్గరుండి చూశాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. నిబంధనల ప్రకారం బంతి 16 పౌండ్లు, అంటే సుమారు 7.25 కిలోలు దాటకూడదు. కనీస బరువంటూ లేదు. గేమ్ సెంటర్లలో 6 పౌండ్ల నుంచి ఉంటాయి. ఆరైనా పదహారైనా సైజు మాత్రం దాదాపు ఒకటే, అడ్డకొలత ఎనిమిదిన్నర అంగుళాలు. బరువైన బంతి పిన్నుకు తగిలాక పక్కకు తొలగడం తక్కువ, అది నిజమే. ఒక్కో పిన్ను కిలోన్నర పైనే ఉంటుంది. తేలిక బంతి మొదటి పిన్నుకే దారి మళ్ళుతుంది. కానీ పది పిన్నుల్నీ బంతే పడగొడుతుందనుకుంటే పొరపాటు. పిన్నుల్ని ముందు ఒకటి, దాని వెనక రెండు, మూడు, నాలుగు చొప్పున వరసల్లో నిలబెట్టి, ముందునుంచి వెనక్కి, ఎడమనుంచి కుడికి అంకెలు ఇస్తారు. కుడిచేత్తో ఆడేవాళ్ళు సరిగ్గా వేసిన స్ట్రైక్‌లో, అంటే మొదటి బంతికే పదీ పడినప్పుడు, బంతి తాకేది నాలుగు పిన్నుల్నే: 1, 3, 5, 9. మిగిలిన ఆరూ ఒకదాన్నొకటి కొట్టుకుని పడతాయి. అలా పడాలంటే 1, 3 పిన్నుల మధ్య సందులోకి బంతి ఏటవాలుగా రావాలి. ఆ వాలు 6 డిగ్రీల దగ్గర ఉంటే స్ట్రైక్ పడే అవకాశం ఎక్కువని అమెరికాలో ఈ ఆట నియమాలు చూసే సంస్థ అమెరికా బౌలింగ్ కాంగ్రెస్ చేసిన పరీక్షల్లో తేలింది.

బంతి వేసేటప్పుడు దాటకూడని గీత, అదే ఫౌల్ లైన్, అక్కడి నుంచి ముందు పిన్నుదాకా 60 అడుగులు. బంతి దొర్లే దారి, అంటే లేన్, వెడల్పు 41.5 అంగుళాలు. కుడి అంచు నుంచి తిన్నగా వేస్తే వచ్చే వాలు రెండు డిగ్రీలు కూడా ఉండదు. హైస్కూలు పిల్లలు కాగితం మీద గీసి చూసుకోగల లెక్క ఇది. కాబట్టి బంతి చివర్లో తిరగాలి. బంతి తిరగాలంటే వదిలే క్షణంలో రంధ్రాల్లోంచి బొటనవేలు ముందు బయటికి వచ్చి, మిగతా రెండు వేళ్ళూ, అంటే మధ్యవేలూ ఉంగరపు వేలూ, బంతిని లేపుతూ తిప్పాలి. చెయ్యి మోయలేని బరువు పెట్టుకుంటే ఈ పని జరగదు. భుజం ఒకవైపు వాలిపోతుంది, బంతి జారిపోతుందేమోనన్న టెన్షన్‌తో బొటనవేలు బిగుసుకుంటుంది, బంతి వెనకే మనిషీ ముందుకు తూలతాడు.

ఒంటి బరువులో పదో వంతు ఉండాలని ఒక లెక్క చెబుతారు. మొదలుపెట్టడానికి గుర్తుగా పనికొస్తుందేమోగాని దాన్ని పట్టుకు వేలాడకూడదు. 70 కిలోల మనిషికి ఆ లెక్కన 15 పౌండ్లు రావాలి. ఎన్నడూ ఆడని మనిషి చేతికి సెంటర్‌లోని 15 పౌండ్ల బంతి ఇస్తే మొదటి గేమ్ అయ్యేసరికి ముంజేయి వణుకుతుంది. వృత్తిగా ఆడేవాళ్ళలోనే చాలామంది 16 వదిలేసి 15కీ 14కీ దిగారు. అసలు పరీక్ష మూడో గేమ్‌లో ఉంటుంది. చాలా చోట్ల బంతి వేగం పైన తెర మీద కనపడుతుంది. మొదటి గేమ్‌లో గంటకు 25 కిలోమీటర్లతో పోయిన బంతి మూడో గేమ్‌లో బాగా నెమ్మదించిందంటే ఆ బరువు మీది కాదు. మా అమ్మాయికి జట్టులో అందరూ 14 తీసుకోమన్నారు. ఆమె 13, 14 రెండూ పూర్తిగా మూడేసి గేములు ఆడి చూసి 13 ఎంచుకుంది. మంచి పని చేసింది.

ఇక రంధ్రాల సంగతి. సెంటర్‌లో అందరికీ పెట్టే బంతులకు వేళ్ళు రెండో కణుపుదాకా దిగేట్టు రంధ్రాలు వేస్తారు. ఎవరి చేతికైనా ఎంతో కొంత సరిపోవాలి కాబట్టి అవి ఎవరి చేతికీ సరిగ్గా సరిపోవు. సొంత బంతి కొనడంలో ఉన్న అసలు లాభం పైనున్న రంగులోనో పేరులోనో లేదు, రంధ్రాలు మన చేతి కొలతకు వేయించుకోవడంలో ఉంది. మన చేతికి సరిపోయిన మామూలు ప్లాస్టిక్ బంతి ముందు, చేతికి సరిపడని ఇరవై వేల రూపాయల బంతి దండగ. ఈ మాట మీరు పెద్ద అక్షరాల్లో వేసినా నాకు సంతోషమే.

బెంగళూరులో రంధ్రాలు వేసే మాస్టరు దగ్గర మేము కూర్చున్న సాయంత్రం ఇదంతా కళ్ళారా చూశాను. ఆయన మొదట బంతిని ముట్టుకోలేదు. మా అమ్మాయి కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని బొటనవేలును ముందుకీ వెనక్కీ వంచి చూశాడు. మధ్యవేలూ ఉంగరపు వేలూ ఎంత సాగుతాయో చూశాడు. అరచేతిలో కాయలు ఎక్కడున్నాయో వేలితో తడిమి, "ఈ కాయ పాత బంతి తెచ్చిపెట్టింది, బొటనవేలి దూరం ఎక్కువై వేలు లాగుతోంది" అన్నాడు. తర్వాత కొలతల కోసం పెట్టుకున్న నమూనా బంతి ఇచ్చి, బొటనవేలు అడుగంటా దించమని, మిగతా రెండు వేళ్ళనూ దానిమీద వదులుగా పరచమని చెప్పి, బొటనవేలి రంధ్రం అంచు నుంచి ఒక్కో వేలికీ దూరం విడివిడిగా కొలిచాడు. మధ్యవేలికీ ఉంగరపు వేలికీ దూరం ఒకటిగా ఉండదు. రంధ్రం నిటారుగా దిగాలా, అరచేతివైపు వంగాలా, బయటికి వంగాలా అన్నది కూడా అంగుళంలో ఎనిమిదో వంతులూ పదహారో వంతుల్లో రాసుకున్నాడు. బొటనవేలు వెనక్కి బాగా వంగేవాళ్ళకు ఒక రకం వాలు, వంగనివాళ్ళకు ఇంకో రకం.

రంధ్రాలు పడ్డాక కూడా పని అయిపోలేదు. అంచుల్ని వంపు కత్తితో గుండ్రంగా గీరి ఎమరీ పట్టాడు. మా అమ్మాయి వేలు పెట్టి పదిసార్లు ఊపి తీసింది. ఆయన ఆ వేలిమీద ఎర్రబడ్డ చోటు చూసి, రంధ్రంలో ఆ వైపే నాలుగు పట్లు పట్టాడు. మళ్ళీ ఊపించాడు. ఎరుపు ఒకేచోట కాకుండా వేలి చుట్టూ సమానంగా వచ్చేదాకా వదల్లేదు. రాయి మీద చెయ్యి పెట్టి ఎత్తుపల్లాలు పోల్చుకునే పనివాళ్ళను ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి నేను. ఆయన పని చూసి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

సెంటర్ బంతితోనే ఆడేవాళ్ళు కూడా ఇలా చూసుకోవచ్చు. బొటనవేలు పూర్తిగా దించండి. తక్కిన రెండు వేళ్ళను రంధ్రాల మీదుగా పరచండి. రెండో కణుపు గీత రంధ్రం లోపలి అంచును పావు అంగుళం దాటి ఉంటే సరైన దూరం. వేళ్ళు దించి పట్టుకున్నప్పుడు అరచేతికీ బంతికీ మధ్య పెన్సిల్ దూరేంత సందు చాలు. బొటనవేలును లోపలే తిప్పితే చర్మం కాస్త ఒరుసుకోవాలి, పట్టుకోకూడదు. ఖాళీగా తిరిగితే ఆ బంతి వదిలేయండి, దాన్ని బిగించి పట్టుకోవాల్సి వస్తుంది. వేళ్ళకు రంధ్రాలు చాలకపోతే, బరువు సరిపోయింది కదా అని బలవంతంగా దూర్చకండి.

మన ప్రాంతం వాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. మే నెలలో తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఎండ నలభై దాటుతుంది. ఆ వేడిలో ప్రయాణం చేసి ఏసీ హాల్లోకి అడుగుపెట్టినప్పుడు వేలు ఒకలా ఉంటుంది, గంట గడిచాక ఇంకోలా ఉంటుంది. అందుకే ఆటగాళ్ళు బొటనవేలి రంధ్రంలో పల్చటి టేపు ముక్కలు అతికించుకుంటారు. వేలు ఉబ్బితే ఒకటి పీకేస్తారు, సన్నబడితే ఒకటి వేస్తారు. కాబట్టి కొలతలిచ్చే రోజు ప్రయాణం చేసి దిగగానే చెయ్యి చాపకండి. కాసేపు కూర్చుని, నాలుగు బంతులు వేసి, ఒళ్ళు వేడెక్కాక కొలిపించుకోండి.

మెరిసే బంతి మంచిదన్న మాట దగ్గరికి వస్తాను. పాలిష్ నా కూడు పెట్టే పని కాబట్టి దీనిమీద కొంచెం ఎక్కువ రాస్తే ఏమనుకోకండి. గ్రానైట్ పలకకు మెరుపు ఒక్కసారిగా రాదు. తక్కువ నంబరు గ్రిట్‌తో, అంటే బాగా గరుకైన ఎమరీతో, మొదలుపెట్టి నంబరు పెంచుకుంటూ పోయి చివర బఫ్ పడితే అద్దంలా వస్తుంది. ఎక్కడ ఆపితే అంత గరుకు మిగులుతుంది. మెట్లకు గరుకే మంచిది, గోడకు మెరుపు మంచిది. బౌలింగ్ బంతి ఉపరితలం కూడా సరిగ్గా అంతే. 500, 1000, 2000, 4000 నంబర్ల ప్యాడ్లతో దాన్ని కావలసినంత గరుకుగానో నునుపుగానో చేస్తారు. కావాలంటే పైన పాలిష్ వేస్తారు.

ఎందుకంటే లేన్ మీద కంటికి కనపడని నూనె ఉంటుంది. మామూలు సెంటర్లలో మొదటి 40 అడుగుల దాకా నూనె పడుతుంది, చివరి 20 అడుగులు పొడిగా ఉంటుంది. గరుకు బంతి నూనెలో కూడా పట్టు తెచ్చుకుని ముందే తిరగడం మొదలెడుతుంది. మెరిసే బంతి నూనె మీద దూరం జారిపోయి పొడి చెక్క తగిలాక గబుక్కున మలుపు తిరుగుతుంది. నూనె ఎక్కువున్న లేన్ మీద మెరిసే బంతి వేస్తే మలుపే తిరక్కుండా వెళ్ళిపోతుంది. నూనె ఎండిపోయిన లేన్ మీద గరుకు బంతి వేస్తే సగం దారిలోనే శక్తంతా ఖర్చైపోయి పిన్నుల దగ్గరికి నీరసంగా చేరుతుంది. మెరుపు చూసి మంచీ చెడ్డా చెప్పడానికి వీల్లేదు.

బంతి దేనితో చేశారన్నది ఉపరితలం కన్నా పెద్ద విషయం. ప్లాస్టిక్ బంతి నూనెను పీల్చుకోదు, దాదాపు తిన్నగా పోతుంది. 1980ల మొదట్లో యురేథేన్ వచ్చింది. 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ వచ్చాక ఆట రూపే మారిపోయింది. ఈ రెజిన్‌లో కంటికి ఆనని రంధ్రాలుంటాయి, నూనెను పీల్చుకుంటాయి, అందుకే పట్టు ఎక్కువ. అందుకే త్వరగా ముసలిదీ అవుతుంది. ప్రతి ఆట తర్వాత క్లీనర్‌తో తుడవకపోతే లోపలికి నూనె ఎక్కి మలుపు చచ్చిపోతుంది. ఇది తెలియక సంవత్సరం తిరిగేసరికి బంతి పాడైందని పారేసేవాళ్ళున్నారు. బంతి లోపల ఉండే బరువు ముద్ద, అంటే కోర్, ఆకారం కూడా పనిచేస్తుందిగాని, కొత్తగా కొనేవాళ్ళు దాని అంకెల జోలికి పోనక్కర్లేదు. రంధ్రాలు వేసే మనిషికి వదిలేస్తే చాలు.

ఈ లెక్కన మేము తీసుకున్న సెట్టు ఇది: స్పేర్లకు, అంటే మొదటి బంతికి మిగిలిన పిన్నుల్ని రెండో బంతితో పడగొట్టడానికి, ఒక ప్లాస్టిక్ బంతి, 2000 నంబరు ప్యాడ్‌తో మెరుపు లేకుండా మ్యాట్ పట్టిన ఒక రెజిన్ బంతి, పాలిష్ వేసిన ఒక రెజిన్ బంతి. ఒక్క బంతే కొనగలిగేవాళ్ళు ప్లాస్టిక్‌తో మొదలుపెట్టమని నా సలహా. తిన్నగా పోయే బంతి మన చెయ్యి ఎక్కడ వంకరపోతోందో ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

పరీక్ష సంగతి వివరంగా రాయాలి, ఎందుకంటే కొత్త బంతి తెచ్చి నాలుగు స్ట్రైకులు పడగానే మురిసిపోయేవాళ్ళు, నాలుగు బంతులు లేన్ పక్కనున్న గట్టర్ కాలువలోకి పోగానే తిట్టుకునేవాళ్ళు చాలామంది. ఒకే లేన్ మీద, పొద్దున్నే కొత్తగా నూనె పట్టినప్పుడు వెళ్ళాం. ఫౌల్ లైన్ దాటాక చెక్క మీద బాణం గుర్తులుంటాయి. కుడినుంచి రెండో బాణం మీదుగా, ఒకే చోట నిలబడి, ఒకే వేగంతో మొదట పాత బంతి, తర్వాత మ్యాట్ బంతి, తర్వాత మెరిసే బంతి వేయించాను. నిలబడే చోటు మార్చితే ఏ బంతి ఏం చేస్తోందో పోల్చడానికి ఉండదు. నేను పక్కనుంచి ఫోన్‌లో స్లోమోషన్ తీశాను. ఎన్ని పిన్నులు పడ్డాయన్నది మేము రాసుకోలేదు. ఎక్కడ మలుపు మొదలైంది, లేన్‌లో అంచునుంచి ఎన్నో చెక్క దగ్గర, పిన్నుల్లోకి పోయాక బంతి ఎటు వెళ్ళింది అన్నవే రాసుకున్నాం.

పడిన పిన్నులకన్నా మిగిలిన పిన్ను ఎక్కువ చెబుతుంది. కుడిచేతివాళ్ళకు బాగా వేసినా అప్పుడప్పుడూ 10వ పిన్ను ఒక్కటే మిగులుతుంది. అప్పుడు 6వ పిన్ను ఎలా పడిందో చూడాలి. అది విసురుగా ఎగిరి 10వ దాని మెడ చుట్టూ తిరిగిపోతే బంతికి బలం ఉన్నట్టే, కోణంలో వెంట్రుకవాసి తేడా అంతే. 6వ పిన్ను నిదానంగా వాలి గట్టర్‌లో పడుకుంటే బంతి బలం దారిలోనే అయిపోయిందని అర్థం. మా మ్యాట్ బంతి కొత్త నూనె మీద బలంగానే పోయింది. మధ్యాహ్నం నలుగురు ఆడి నూనె చెదిరాక ఇలా 6వ పిన్నును పడుకోబెట్టడం మొదలెట్టింది. అదే సమయానికి మెరిసే బంతి, పొద్దున మలుపు తిరక్కుండా జారిపోయినది, దారిలోకి వచ్చింది. ఏ బంతిని ఎప్పుడు సంచీలోంచి తీయాలో మాకు అక్కడ తెలిసింది. పొద్దున ఒక్కపూటే చూసి తీర్పు చెప్పుంటే మెరిసే బంతిని దుకాణానికి తిప్పి పంపేవాళ్ళం.

వెనక్కి తిరిగొచ్చిన బంతిని తుడిచే ముందు ఒక్కసారి లైటు కింద పెట్టి చూడండి. నూనె గీతలు వలయాల్లా కనపడతాయి. అవి కాస్త కాస్త పక్కకు జరుగుతూ, ఒకచోట దగ్గరై రెండువైపులా విచ్చుకుని ఉంటాయి. బంతి ప్రతి చుట్టుకీ కొత్త పొడి చోటు మీద దొర్లుతోందని దానర్థం. ఆ గీతలు వేళ్ళ రంధ్రాల మీదుగా పోకూడదు. పోతే లేన్ మీద బంతి దొర్లేటప్పుడు టక్ టక్‌మని చప్పుడు వస్తుంది. మెరిసే బంతి మొదటి విడత వేసినప్పుడు ఆ చప్పుడు నాకు వినిపించింది. మా అమ్మాయికి వినిపించలేదు. బంతి లైటు కింద పెడితే గీత మధ్యవేలి రంధ్రం అంచును తాకి ఉంది. మాస్టరుకు చూపిస్తే బంతిలో దోషమేమీ లేదని, ఆమె వదిలేటప్పుడు మణికట్టు పక్కకు తిరిగిపోతోందని చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని వదిలే తీరు సరిచేశాడు. చప్పుడు పోయింది. "నాయనా, ఇంతకాలం ఇది నా చెయ్యి చేస్తున్న పనా?" అని అప్పటికప్పుడు ఇంకో గేమ్ ఆడేసింది.

ప్లాస్టిక్ బంతి పరీక్ష సులువు. 10వ పిన్ను ఒక్కటే నిలబెట్టించుకుని ఎడమవైపు నుంచి ఐమూలగా వేస్తూ పోవాలి. నూనె ఉన్నచోటా లేనిచోటా ఒకే గీతలో పోతే దాని పని అది చేస్తున్నట్టే. చాలామంది దీనికి డబ్బు పెట్టడం దండగనుకుంటారు. నా లెక్కలో సెట్టు మొత్తంలో స్కోరు నిలబెట్టేది ఇదే.

ఇంకో మాట. కొత్త బంతి ఉపరితలం మొదటి కొన్ని గేముల్లోనే మారిపోతుంది. మ్యాట్ బంతి లేన్ మీద ఒరిసి ఒరిసి నునుపవుతుంది. ప్యాడ్‌తో మళ్ళీ గరుకు తెప్పించుకోవచ్చు, బంతిని అన్ని వైపులా తిప్పుతూ సమానంగా పట్టాలి. అది ఆట మొదలయ్యేలోపే చేసుకోవాలి. పోటీ మొదలయ్యాక ఎమరీ పట్టడం నిబంధనలకు విరుద్ధం.

ఆన్‌లైన్‌లో వాడిన బంతులు తక్కువకు దొరుకుతున్నాయని మా తిరుపతి మేనల్లుడు అడిగాడు. అలాంటివి కొనేవాళ్ళు మూడు వేళ్ళ రంధ్రాలు కాక నాలుగో రంధ్రం ఏదైనా ఉందేమో చూడాలి. ఒకప్పుడు బ్యాలెన్స్ కోసం అలా వేసేవాళ్ళు. అమెరికా బౌలింగ్ కాంగ్రెస్ 2020 ఆగస్టు 1 నుంచి దాన్ని నిషేధించింది. పోటీల్లో ఆడాలనుకుంటే పూడ్పించుకోవాలి. ఆ సంస్థ ఆమోదించిన బంతుల జాబితాలో పేరుందో లేదో కూడా చూసుకోవాలి. ఒకసారి ఆమోదం పొందినవి తర్వాత జాబితాలోంచి పోయిన సందర్భాలున్నాయి. 2016లో మోటివ్ కంపెనీ జాకల్ బంతుల విషయంలో అదే జరిగింది, లోపలి కోర్ కొలత హద్దు దాటిందని తేలింది. పేరున్న కంపెనీ అయితే చాలన్న మీ బాక్సుకు ఇది కూడా జవాబు. బంతి గట్టిదనానికీ హద్దుంది. 1973లో డాన్ మెక్‌క్యూన్ అనే అమెరికా ఆటగాడు ప్లాస్టిక్ బంతిని రసాయనంలో నానబెట్టి మెత్తబరచి ఆడి ఆ ఒక్క ఏడాదే ఆరు టైటిళ్ళు గెలిచాడు. గట్టిదనానికి నియమాలు వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి మెత్తబడటానికి ఏదో రాస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి.

అదే మేనల్లుడికి జరిగిన సంగతి రాయకుండా ఉండలేను. స్నేహితులతో కలిసి పొద్దున రైల్లో చెన్నై వెళ్ళి ఒక మాల్‌లోని గేమ్ జోన్‌లో ఆడాడు. బంతి రంధ్రం అంచు పెచ్చులూడి ఉంది. రెండో గేమ్‌లోనే బొటనవేలి చర్మం చీరుకుపోయింది. అక్కడి బంతుల్లో సగానికి బరువు అంకె చెరిగిపోయిందట. పక్క లేన్‌లో ఎనిమిదేళ్ళ పాప 12 పౌండ్ల బంతిని రెండు చేతుల్తో కాళ్ళ మధ్యనుంచి తోస్తోందట, పిల్లల బంతులు లేవని చెప్పారట. "మామా, మళ్ళీ ఆ ఆట జోలికి పోను" అన్నాడు. ఆడితే బాగా ఆడగలిగే కుర్రాడు. ఒక పాడు బంతి వాడికి ఆటనే దూరం చేసింది.

అందుకని సెంటర్లు నడిపేవాళ్ళకు మీ పత్రిక ద్వారా విన్నపం. కొత్తగా బంతుల సెట్టు తెప్పించేటప్పుడు పెద్దవాళ్ళ బరువులే కాకుండా 6, 7, 8 పౌండ్లవి సరిపడా తెప్పించండి. బరువు ఒకటే అయినా చిన్న వేళ్ళకూ లావు వేళ్ళకూ వేర్వేరు రంధ్రాలున్నవి పెట్టండి. సన్నటి చేతుల ఆడవాళ్ళకు 10 పౌండ్ల బంతి సరిపోతుంది, కానీ దానికి మగవాళ్ళ వేళ్ళంత రంధ్రాలుంటే ఏం లాభం? పసిపిల్లలకు బంతి దొర్లించే ర్యాంపు ఒకటి ఉంచండి. అంచులు పెచ్చులూడిన బంతిని ఆ రోజే పక్కన పెట్టండి. రంధ్రాల లోపల కూడా తుడిపించండి, రోజుకు ఎంతమంది వేళ్ళు పెడతారో మీకు తెలుసు.

ఇంటికి తెచ్చుకున్న బంతి గురించి మన ఎండల వల్ల ఒక జాగ్రత్త చెప్పాలి. కారు డిక్కీలో వదలకండి. మధ్యాహ్నం ఎండలో మూసిన డిక్కీ పొయ్యిలా ఉడుకుతుంది. రెజిన్ బంతి పీల్చుకున్న నూనె బయటికి కారుతుంది, అక్కడినుంచి నేరుగా ఏసీ గదిలోకి తెస్తే పగులు కూడా ఇవ్వొచ్చు. మా అమ్మాయి చిత్తూరు వచ్చినప్పుడు సంచీ మొత్తం ఇంట్లోకే తెచ్చి మంచం కింద పెడుతుంది.

ఈ ఆట 1978లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లోనే ఉంది. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లోనూ ఆడారు. మన పక్కనే ఉన్న తమిళనాడు నుంచి షబ్బీర్ ధన్‌కోట్ వంటి ఆటగాడు ఒకటికన్నా ఎక్కువసార్లు జాతీయ చాంపియన్ అయ్యాడు. తిరుపతి, చిత్తూరు పిల్లలకు అటు చెన్నై, ఇటు బెంగళూరు రెండూ కొన్ని గంటల దూరమే. వాళ్ళలో ఎవరికైనా ఈ ఆట మీద మనసు పడితే మొదటి రోజు చేతికి వచ్చే బంతి సరైనదై ఉండాలని నా కోరిక. కాబట్టి దయచేసి ఆ బాక్సును సవరించి మళ్ళీ వేయండి. చోటు తక్కువైతే ఈ ఉత్తరంలో చెయ్యి కొలుచుకునే భాగం, మూడో గేమ్‌లో వేగం చూసుకునే భాగం రెండూ ఉంచి మిగతాది తీసేసినా నాకు అభ్యంతరం లేదు. రంధ్రాలు వేసే మాస్టరుతో మీ విలేకరి స్వయంగా మాట్లాడాలనుకుంటే నేను వెంటబెట్టుకుని తీసుకెళ్తాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ యజమాని,
చిత్తూరు.